ఒగ్గు కథకుడి కుడి చెవి

కొత్త జిల్లాలు ఏర్పడిన రెండో సంవత్సరం, ఎండలు ఇంకా ముదరకముందు, నన్ను మహబూబాబాద్ ప్రభుత్వ దవాఖానలో చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిగా వేశారు. ఉత్తర్వు అడుగున ఇంకో వాక్యం ఉంది: శుక్రవారాలు జనగామలో, బుధవారాలు భూపాలపల్లిలో కూడా పనిచేయాలి. మా శాఖలో దీన్ని డిప్యుటేషన్ అంటారు. పాత జిల్లాను విడగొట్టినప్పుడు కలెక్టర్లు దొరికారు, ఎస్పీలు దొరికారు, నీలం రంగు బోర్డులు కావలసినన్ని దొరికాయి. చెవి డాక్టర్లు దొరకలేదు. అందుకని ఉన్న ఒక్కదాన్నే మూడు చోట్లకు సర్దారు. నా హోదా సివిల్ సర్జన్, వాహనం ఎర్ర బస్సు. నాకు పెద్దగా అభ్యంతరం లేదు. బస్సు కిటికీ పక్క సీటు దొరికితే అసలే లేదు.

మహబూబాబాద్‌లో నాకు ఆపరేషన్ మైక్రోస్కోపు ఉండేది. జనగామలో ఒక గది, తలకు కట్టుకునే దీపం, నాలుగైదు స్పెక్యులమ్‌లు, యాకూబ్ ఉండేవారు. స్పెక్యులమ్ అంటే చెవిలో పెట్టి చూసే చిన్న గరాటు. యాకూబ్ అంటే గది సహాయకుడు. పరికరాలు తుడవడం, రోగులను వరుసలో పిలవడం అతని విధులు. రోగుల మీద అభిప్రాయాలు చెప్పడం విధుల్లో లేదు. అది స్వచ్ఛంద సేవ.

ఒక శుక్రవారం ఛాతీ విభాగం నుంచి ఒక రోగి వచ్చాడు. చీటీ మీద ఇలా ఉంది: నెలల తరబడి పొడి దగ్గు, ఎక్స్‌రే బాగుంది, కళ్లె పరీక్ష బాగుంది, దయచేసి గొంతు చూడగలరు. మా వృత్తిలో ఇలాంటి చీటీకి అర్థం ఒకటే. నావల్ల కాలేదు, కాస్త మీరూ తంటాలు పడండి అని.

రోగి పేరు కొమురెల్లి. యాభై దాటిన మనిషి, భుజాన గొంగడి, నుదుటి మీద అరచేతి వెడల్పున పసుపు. ఒగ్గు కథ చెప్పే బృందానికి పెద్ద. చేతిలో ఒగ్గు అనే చిన్న వాయిద్యం పట్టుకుని మల్లన్న పెళ్లి కథను పాడుతూ, ఆడుతూ చెప్పడం వాళ్ల కులవృత్తి. మొక్కు ఉన్నవాళ్లు ఇంటిముందు రంగుల పొడులతో పట్నం అనే పెద్ద ముగ్గు వేయించి, ఈ బృందాన్ని పిలిపించి కథ చెప్పించుకుంటారు. కొమురెల్లి తండ్రి, తాత కూడా ఇదే పని చేశారు. అతనితో పాటు భార్య లచ్చవ్వ, చిన్నాయన కొడుకు సాయిలు వచ్చారు. సాయిలు బృందంలో డోలు వాయిస్తాడు. మాటలు కూడా డోలు స్థాయిలోనే మాట్లాడతాడు.

దగ్గు ఎప్పుడొస్తుందని అడిగాను.

"రాగం ఎత్తంగనే వస్తది డాక్టరమ్మా," అన్నాడు కొమురెల్లి. "మామూలుగ మాట్లాడితే రాదు. పండుకుంటే రాదు. తింటే రాదు. సరిగ్గ మల్లన్న లగ్గం కాడ, రాగం పైకి తీసే కాడ, పట్టుకుంటది. ఇగ ఇడువది."

బీడీ మానేశాడు. కల్లు మానేశాడు. మిర్యాల కషాయం, తాయెత్తు, మూడు రకాల సిరప్పులు అయ్యాయి. అసలు ఇబ్బంది దగ్గు కాదు, దగ్గు వచ్చే చోటు. పెళ్లి కథ నడుమ కథకుడు దగ్గితే ఆ మొక్కు దేవుడికి ముట్టలేదని ఇంటివాళ్లు అనుకుంటారు. రెండు ఊళ్లు అప్పటికే వేరే బృందాన్ని పిలిపించుకున్నాయి. వచ్చే బుధవారం రేగొండ పక్కన ఒక ఊళ్లో పెద్దపట్నం ఉంది. అక్కడ కూడా దగ్గితే కొమురెల్లి పక్కకు జరగాలని, ఒగ్గు సాయిలు చేతికి ఇవ్వాలని కులపెద్దలు తేల్చేశారు. అంటే తాత నుంచి వచ్చిన పెద్దరికం ఒక్క దగ్గుతో పోతుంది.

ఇక్కడ లచ్చవ్వ గొంతు సవరించుకుంది.

"సాయిలే కల్లుల ఏందో కలిపిండని అంటుండ్రమ్మా. నేను అంటలేను. ఊరు అంటున్నది."

సాయిలు ఆమెకు మూరెడు దూరంలోనే నిలబడి ఉన్నాడు.

"గదే ముంతల నేను గూడ తాగిన గద వదినె," అన్నాడు. "నాకెందుకు రాలే దగ్గు? దగ్గేది అన్న, తిట్లు పడేది నేను. గిదేం న్యాయం డాక్టరమ్మా? నేనే దవాఖానకు పట్టుకొస్తి. మందు పెట్టినోడు డాక్టర్ తాన్కి పట్టుకొస్తడా?"

"తెలివిగల్లోడు పట్టుకొస్తడు," అన్నాడు కొమురెల్లి, గోడ వైపు చూస్తూ.

చెవి, ముక్కు, గొంతు శాస్త్రంలో దీనికి చికిత్స లేదు కాబట్టి గొంతు చూడటం మొదలుపెట్టాను. నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని, వెచ్చచేసిన చిన్న అద్దాన్ని అంగుడి వెనక్కి పెట్టి, "ఈ" అనమంటాం. అద్దంలో స్వరతంతువులు కనిపిస్తాయి. కొమురెల్లివి పాల తెలుపులో, కత్తి అంచుల్లా శుభ్రంగా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ అద్దం పెట్టినంతసేపూ అతను ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆరోగ్యవంతులే ఓకరించే పరీక్ష అది. దగ్గు రోగి దాన్ని అంత ప్రశాంతంగా దాటేశాడంటే, దగ్గు గొంతులో కాపురం ఉండటం లేదన్నమాట.

గొంతుతో బతికేవాళ్లు వస్తే ఆ పని చేయించి చూడటం నా పద్ధతి. టీచరైతే పాఠం చెప్పమంటాను. కూరగాయలు అమ్మే మనిషైతే అరవమంటాను. దీనివల్ల నా గదికి దవాఖానలో అంత మంచి పేరు లేదు.

"పాడు," అన్నాను.

"ఈడనా?"

"ఈడనే. రాగం ఎత్తు."

అతను లేచి నిలబడ్డాడు. గొంగడి సర్దుకున్నాడు. మొదలుపెట్టగానే వరండాలో వరుస కట్టిన జనం గోల ఆగిపోయింది. ఇంజక్షన్‌కు ఏడుస్తున్న పిల్ల ఎవరో ఆపేసింది. రాగం మెట్టు మెట్టుగా పైకి పోతోంది. పై మెట్టుకు రాగానే అతని కుడిచెయ్యి దానంతటదే లేచి కుడి చెవిని దొప్పలా మూసింది. ఆ వెంటనే దగ్గు. వంగిపోయి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా దగ్గాడు.

"సూస్తిరా?" అన్నాడు సాయిలు, తన వాయిద్యం సరిగ్గా మోగినట్టు.

నేను చూసింది చెయ్యిని. దగ్గు తగ్గాక, చెవి మీద చెయ్యి పెట్టకుండా పాడమన్నాను. చెయ్యి లేకుంటే శ్రుతి దొరకదన్నాడు. తన గొంతు తనకు వినబడటానికి పాటగాళ్లు చాలామంది అలా చేస్తారు. సరే, ఎడమచేత్తో ఎడమ చెవి మూసుకుని పాడమన్నాను. పాడాడు. పై మెట్టు ఎక్కాడు, అక్కడ కాసేపు నిలబడ్డాడు, దిగాడు. దగ్గు లేదు. తర్వాత పాట లేకుండా, మాట లేకుండా, ఊరికే కూర్చోబెట్టి, కుడి చెవి రంధ్రం ముందు చిన్న తలుపు రెక్కలా ఉండే భాగాన్ని నా వేలితో నొక్కాను. దగ్గాడు. వదిలాను, ఆగింది. నొక్కాను, దగ్గాడు.

"మేడమ్, స్విచ్చు లెక్కున్నది," అన్నాడు యాకూబ్.

రోగ నిర్ణయం దాదాపు అదే. మిగతాది గరాటులోంచి చూడటమే.

ఇక్కడ వెలుపలి చెవి గురించి కొంచెం చెప్పాలి. బయటికి కనిపించే దొప్ప మొత్తం ఒకే ముక్క మెత్తటి ఎముక, దాని మీద చర్మం. కింద వేలాడే తమ్మెలో మాత్రం ఆ ఎముక ఉండదు. అందుకే కమ్మలు అక్కడ కుట్టించుకుంటే హాయిగా మానుతుంది, ఫ్యాషన్ అని పై అంచున కుట్టించుకుంటే నాలాంటివాళ్లకు పని దొరుకుతుంది. దొప్ప నుంచి లోపలికి అంగుళం పొడవున గొట్టం. అది తిన్నగా ఉండదు, వంకర తిరిగి ఉంటుంది. పెద్దవాళ్లకైతే దొప్పను పైకి, వెనక్కి లాగితే వంకర సరై కర్ణభేరి కనిపిస్తుంది. పసిపిల్లలకైతే కిందికి లాగాలి. గొట్టంలో బయటి మూడోవంతు మెత్తటి ఎముకే, దొప్పతో పాటు కదులుతుంది. వెంట్రుకలు, గులిమి తయారయ్యేది అక్కడే. లోపలి రెండు వంతులు గట్టి ఎముక. దాని మీద చర్మం ఉల్లిపొర అంత పలచన. అక్కడ పుల్ల తగిలితే ఎంతటి వీరుడైనా కుర్చీలోంచి లేస్తాడు.

ఈ అంగుళం గొట్టానికి నాలుగు వైపుల నుంచి నరాలు వస్తాయి. అందులో ఒకటి, వెనక గోడకు, అడుగుకు వచ్చేది, వేగస్ అనే పెద్ద నరం కొమ్మ. ఆ వేగస్ తల నుంచి బయలుదేరి గొంతు, ఊపిరితిత్తులు, గుండె, కడుపు అన్నీ తిరిగి వస్తుంది. మూడు జిల్లాలకు ఒకే డాక్టరు లాంటిది. కొందరిలో చెవి గోడను తాకితే మెదడు దాన్ని గొంతులో ఏదో పడ్డట్టు లెక్కవేసుకుని దగ్గిస్తుంది. అందరికీ ఇలా జరగదు. కొమురెల్లి ఆ కొందరిలో ఒకడు.

దొప్పను పైకి, వెనక్కి లాగి చూశాను. తేనె రంగు గులిమి చూశాను, నల్లబెల్లం రంగుది చూశాను. పసుపుకొమ్ము రంగు గులిమి అదే మొదటిసారి. గొట్టం నిండా రాయిలా బిగుసుకుని, వెనక గోడకు ఆనుకుని ఉంది.

"చెవిలో ఏం పోస్తరు?" అని అడిగాను.

జవాబు లచ్చవ్వ ఇచ్చింది. ఆటలో సాయిలు డోలు అన్నకు కుడిపక్కన ఉంటుంది. ఆ పోటుకు చెవి గుయ్యిమంటోందని కొమురెల్లి దూది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఉత్త దూది పెడితే చీము పడుతుందేమోనని ఆమె దాన్ని నూనెలో ముంచి, బండారి అద్ది ఇచ్చేది. బండారి అంటే మల్లన్నకు ఎక్కించిన పసుపు. దగ్గు మొదలయ్యాక దిష్టి తగిలిందేమోనని బండారి మోతాదు పెంచింది. దగ్గు ఎక్కువైంది. బండారి ఇంకా పెంచింది. రోగానికీ మందుకూ ఇంతటి అన్యోన్యం నా ఉద్యోగంలో తక్కువసార్లు చూశాను.

ఉన్న సంగతి చెప్పాను. చెవి గొట్టం లోపలి చర్మం ఊరికే ఉండదు. కర్ణభేరి దగ్గర పుట్టి మెల్లగా బయటికి జరుగుతూ, గులిమిని, దుమ్మును తనతో మోసుకొస్తుంది. భూపాలపల్లి గనుల్లో బొగ్గును బయటికి తెచ్చే బెల్టు లాగా. మనం దూదితో, నూనెతో, పొడితో ఎదురు కొడితే బెల్టు ఆగిపోతుంది, సరుకు అక్కడే గట్టిపడుతుంది. దొప్ప మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ రాయి వెనక గోడను నొక్కుతోంది.

కొమురెల్లి నొసటి పసుపును వేలితో తాకి చూసుకున్నాడు. తర్వాత ఎంతో మర్యాదగా అన్నాడు.

"బండారితోని రోగం వస్తదా డాక్టరమ్మా? రోగం పోయేటందుకు పెట్టేదే బండారి. మీరు పెద్ద సదువు సదువుకున్నరు. గని గా మాట అనొద్దు."

అతని ఇబ్బంది నాకు అర్థమైంది. తప్పు బండారిది కాకపోతే సాయిలుది కావాలి. సాయిలుది కాకపోతే బండారిది కావాలి. తమ్ముణ్ని అనుమానించడం తేలిక, దేవుణ్ని అనుమానించడం కష్టం. సాయిలు పాపం రెండు వైపులా చూస్తున్నాడు. దేవుడు ఓడిపోవాలని కోరుకునే పరిస్థితి అతనికి అంతకుముందు వచ్చి ఉండదు.

"దేవుడు బండారి ఇచ్చింది నొసటికి," అన్నాను. "చెవులకు పంపింది మీరు."

ఆ మాట కొంత పనిచేసింది. పూర్తిగా కాదు.

జనగామలో ఆ రాయిని తీసే సాహసం చేయలేదు. మైక్రోస్కోపు లేదు. ముట్టుకుంటే దగ్గుతాడు, దగ్గితే తల ఊగుతుంది, తల ఊగితే పరికరం కర్ణభేరిలోకి పోతుంది. కాబట్టి మెత్తబరచడానికి సోడా, గ్లిజరిన్ కలిపిన చుక్కల మందు రాసి, సోమవారం మహబూబాబాద్ రమ్మన్నాను. చుక్కలు పడితే రాయి ముందు కొంచెం ఉబ్బుతుంది, దగ్గు పెరగవచ్చు, భయపడవద్దని చెప్పాను. ఇంకో సంగతి చెప్పలేదు, ఎందుకంటే నాకే తట్టలేదు.

సోమవారం పొద్దటి రైలుకు దిగారు. ముగ్గురు వెళ్లినవాళ్లు ఎనిమిది మంది అయ్యారు. కొమురెల్లి చెవి చుట్టూ తువ్వాల కట్టి ఉంది. దాని మీద ఎర్రటి మరకలు. వెనక వచ్చినవాళ్లలో ఇద్దరు సాయిలుకు చెరోవైపు నడుస్తున్నారు, చుట్టరికంతో కాదు.

"చెవిలకెళ్లి రక్తం కారుతున్నది," అన్నాడు కొమురెల్లి. "నిన్న ఐతారం, మల్లన్న వారం. నెత్తురు కక్కిస్తుండు దేవుడు. ఇగ చెవిల ఇనుము పెట్టనియ్య."

చుక్కలు ఎవరు పోశారని అడిగాను. లచ్చవ్వ చెయ్యి వణుకుతుంది కాబట్టి సాయిలు పోశాడట. ఆ ఇద్దరు చెరోవైపు ఎందుకు నడుస్తున్నారో తెలిసింది.

సాయిలు ముఖంలో నెత్తురు లేదు. డోలు స్థాయి గొంతు కంజీర స్థాయికి దిగింది. "సీసల ఉన్నదే పోసిన డాక్టరమ్మా. మీరు ఇచ్చిన సీసనే."

తువ్వాల విప్పి చూశాను. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. గాయం లేదు, గొట్టం చర్మం మీద ఎక్కడా గీత లేదు. చెవి నుంచి చెంప మీదికి కారింది ఇటుక రంగు నీళ్లు. రక్తం ఆరితే నల్లబడుతుంది. ఇది ఆరి కూడా ఎర్రగానే ఉంది. వాసన చూశాను. వంటింటి వాసన.

లచ్చవ్వ కొంగుముడిలో బండారి ఉండకపోదని నాకు నమ్మకం. అడిగాను. ఉంది. శుభ్రమైన గాజుగుడ్డ మీద చిటికెడు ఆమె చేతనే వేయించి, అందరూ వంగి చూస్తుండగా సాయిలు తెచ్చిన సీసాలోంచే నాలుగు చుక్కలు వేశాను. పసుపు కాస్తా ఎర్రబడింది.

సోడాలో క్షారగుణం ఉంటుందని, పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుందని చెప్పబోయాను. లచ్చవ్వ నాకా అవకాశం ఇవ్వలేదు.

"ఓయమ్మా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. "గివి దిష్టి నీళ్లు గద!"

పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి, ఆ నీళ్లతో దిష్టి తీస్తారు. ఇది ప్రతి ఇంట్లో ఆడవాళ్లకు తెలిసిన రసాయనశాస్త్రమే. లచ్చవ్వ వెంటనే మిగతావాళ్ల వైపు తిరిగింది. "నెత్తురు గాదు, ఏం గాదు. లోపటికెళ్లి దిష్టి దిగుతున్నది! మల్లన్ననే తీస్తుండు. గా పోరన్ని ఇడువుండ్రి, ఊకె పట్టుకున్నరు."

సాయిలును విడిచిపెట్టారు. పోరనికి నలభై ఏళ్లుంటాయి.

నేనేమీ సరిదిద్దలేదు. ఆమె చెప్పిందాంట్లో కారణం వేరు, రసాయనం ఒకటే. చుక్కలు మంచివి, బయటికి వచ్చేది వచ్చెయ్యాలి, లోపల మిగిలింది డాక్టరమ్మ తీస్తుంది అన్నది ఆమె తీర్మానం. నాదీ అదే. మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరాక కొమురెల్లికి ఒప్పుకోక తప్పలేదు. మూడేళ్ల పీజీ చదువులో రోగిని ఒప్పించడానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు నేర్పలేదు.

మైక్రోస్కోపు కింద పడుకోబెట్టాను. గొట్టంలో వెంట్రుకలున్న చర్మం అయిపోయి, నున్నటి చర్మం మొదలయ్యే హద్దు దగ్గర మత్తు సూది ఇస్తాం. కొంచెం కొంచెంగా, మెల్లగా. మందు ఎక్కువై వెనక్కి పాకితే ముఖాన్ని కదిలించే నరం కూడా మత్తెక్కి, కొన్ని గంటలు మూతి ఒక పక్కకు పోతుంది. ఎల్లుండి వందలమంది ముందు నిలబడాల్సిన మనిషికి అది ఇవ్వదగిన కానుక కాదు. సూది దిగేటప్పుడు గట్టిగా దగ్గాడు. ఆగాను. వెనక గోడకు మత్తు పట్టాక, రాయిని ముట్టకముందే, చెవి ముందు రెక్కను నొక్కాను. దగ్గు లేదు. మళ్లీ నొక్కాను. లేదు.

"పండుకునే రాగం ఎత్తు," అన్నాను. "చెయ్యి పెట్టుకో."

ఎత్తాడు. ఆపరేషన్ థియేటర్‌లో మల్లన్న పెళ్లి మొదలైంది. చెయ్యి చెవి మీదే ఉంది, రాగం పై మెట్టు మీదే ఉంది, దగ్గు జాడ లేదు. రాయి లోపల అలాగే ఉంది, గోడకు మాత్రం దాని సంగతి తెలియడం లేదు. నా రోగ నిర్ణయం సరైనదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పక్క గదిలో ఎముకల డాక్టరు మాత్రం తలుపు తోసి చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

తర్వాత పని చిన్నది, ఓపికది. అంచుల నుంచి విడదీస్తూ, సన్నటి కొక్కేన్ని పక్కనుంచి దాటించి, మెల్లగా ముందుకు లాగాను. రాయి రెండు ముక్కలుగా వచ్చింది. పెద్దది కుంకుడు గింజంత. పొరలు పొరలుగా దూది నూలు, గులిమి, పసుపు. వెనక కర్ణభేరి ముత్యపు చిప్పలా మెరుస్తూ చెక్కుచెదరకుండా ఉంది. నర్సు ట్రేను బల్ల మీద పెట్టిన చప్పుడుకు కొమురెల్లి ఉలిక్కిపడ్డాడు.

"గింత సప్పుడు జేస్తరా?" అన్నాడు.

నియమం ప్రకారం రోగి శరీరంలోంచి తీసినవి పసుపురంగు సంచిలో వేయాలి. రంగు ఎంపికలో ప్రభుత్వ ఉద్దేశం వేరు. మల్లన్న బండారిని చెత్తలో వేస్తే ఊరుకునేది లేదని లచ్చవ్వ తలుపు దగ్గర నిలబడింది. వాగు నీళ్లలో కలుపుతామంది. గాజుగుడ్డలో చుట్టి ఇచ్చాను. చెవిలో నూనె, దూది, పసుపు, పుల్ల ఏదీ పెట్టవద్దని, బండారి నొసటి దగ్గరే ఆగాలని ముగ్గురితో చెప్పించాను. సాయిలు అందరికంటే గట్టిగా చెప్పాడు.

బుధవారం నా భూపాలపల్లి డ్యూటీ. రేగొండ దారిలోనే ఉంటుంది. మధ్యాహ్నం ఓపీ ముగించుకుని వస్తూ ఆ ఊళ్లో దిగాను. రోగిని చూడటానికి అని నాకు నేను చెప్పుకున్నాను.

పట్నం వేసిన వాకిలి చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. మొక్కు ఉన్న ఇంటి పెద్దాయన ముందు వరుసలో కుర్చీ వేసుకుని, కొమురెల్లి గొంతు మీదే కళ్లు పెట్టి కూర్చున్నాడు. కులపెద్దలు పక్కనే ఉన్నారు. సాయిలు ఎప్పటిలా అన్నకు కుడిపక్కన. ఒగ్గు ఎవరి చేతికి పోవాలో ఆ పూట తేలిపోతుందని అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. కథ పెళ్లి దాకా వచ్చింది. రాగం లేచింది. జనం మాటలు తగ్గాయి. కుడిచెయ్యి చెవి మీదికి పోయింది.

అక్కడ కొమురెల్లి ఆగిపోయాడు.

ఇంటి పెద్దాయన కుర్చీలో ముందుకు వంగాడు. కొమురెల్లి చెయ్యి దించి, తమ్ముడి వైపు తిరిగాడు.

"సాయిలూ! జర మెల్లగ కొట్టరాదుర! చెవి పలిగిపోతున్నది!"

"ఇన్నొద్దులు గిట్లనే కొట్టిన గదనే అన్న!"

"ఇన్నొద్దులు నాకు ఇనబడకపాయె!"

జనం గొల్లుమన్నారు. అది కథలో భాగమే అనుకున్నారు. ఒగ్గు కథలో ఇలాంటి సరసాలు మామూలే. నవ్వు ఇంకా చల్లారకముందే కొమురెల్లి చెయ్యి మళ్లీ పైకి పోయింది, రాగం పై మెట్టు ఎక్కింది, అక్కడే నిలబడింది. ఎంతసేపు నిలబడిందంటే, సాయిలు డోలు మీది పుల్ల ఎత్తి దించడం మరచిపోయాడు. దగ్గు రాలేదు. దేవుడి పెళ్లి అయిపోయింది. ఒగ్గు ఎక్కడిది అక్కడే ఉంది.

ఆఖరున బండారి చల్లారు. చేతుల నిండా తెచ్చి కథకుడికి పూయడానికి జనం ఎగబడ్డారు. కొమురెల్లి రెండు అరచేతులతో రెండు చెవులూ మూసుకుని నొసలు ముందుకు చాచాడు. నా నొసటికి కూడా పూశారు. ఆ రోజు బస్సులో నాకు వెంటనే సీటిచ్చారు.

అతను తమ్ముడికి క్షమాపణ చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పి ఉండడు. కానీ తర్వాతి ఆట నుంచి సాయిలును కుడిపక్క నుంచి ఎడమపక్కకు మార్చాడని విన్నాను. కుడి చెవికి రక్షణగా.

రెండేళ్ల తర్వాత, నా ఉద్యోగ విరమణకు కొన్ని వారాల ముందు, జనగామ గదిలోకి కొమురెల్లి, వెనక సాయిలు వచ్చారు. యాకూబ్ వాళ్లను వరుసలో నిలబెట్టకుండా నేరుగా పంపాడు. కొమురెల్లి కుర్చీలో కూర్చుని, నేనేమీ అడగకముందే ఎడమ చెవి నావైపు తిప్పి, రెక్కను తనే వేలితో నొక్కుకుని, ఒక దగ్గు దగ్గి చూపించాడు.

"గీసారి ఎడమది డాక్టరమ్మా," అన్నాడు. "డోలు గీ పక్కకొచ్చె గద. బండారి పెట్టలే, ఒట్టు. ఉత్త దూదే పెట్టిన."

"నన్ను ఎనుకకు నిలబెట్టమని చెప్పుండ్రి డాక్టరమ్మా," అన్నాడు సాయిలు. "ఎనుక చెవి లేదు."

మంచి సలహా. తలకట్టు దీపం వెలిగించుకుని, దొప్పను పైకి, వెనక్కి లాగాను. ఆ సంఘటన తర్వాత ఊపిరితిత్తుల్లో కారణం దొరకని దగ్గుతో వచ్చిన ప్రతి మనిషి చెవులూ చూశాను. చాలామందిలో ఏమీ కనిపించలేదు. ఏమీ లేదని తెలుసుకోవడానికి అర నిమిషం పడుతుంది, చూడకపోతే రోగికి సంవత్సరం పడుతుంది. నేర్చుకున్నది అదీ, ఇంకొకటీ. మనిషికి రోగం ఎక్కడుందో చూపిస్తే నమ్ముతాడు, మందు చెబితే వాడతాడు, అలవాటు మానమంటే మాత్రం దాన్ని రెండో పక్కకు మార్చుకుంటాడు. అందుకే చెవి పరీక్షలో రెండు చెవులూ చూడాలన్నది నియమం.